అప్పుకన్నా ముందు భయాన్ని లెక్కవేసే చోటు: బ్రాడీపేటలోని ఒక కౌన్సెలింగ్ కేంద్రంపై సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత మేడ మొదటి అంతస్తులో, అప్పులవాళ్ల ఒత్తిడితో సతమతమవుతున్న కుటుంబాల కోసమే నడిచే చిన్న కౌన్సెలింగ్ కేంద్రం ఒకటి ఉంది. నిరుటి వేసవి నుంచి నేనూ మా వారూ అక్కడికి వెళ్తున్నాం. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ మెట్లెక్కుతూ ఎవరు కనబడినా వాళ్ల సంగతి సాయంత్రానికల్లా పట్నంబజారుదాకా పాకే ఊరు మనది కాబట్టి, వాళ్లు బయట బోర్డు కూడా పెట్టుకోలేదు. తెలిసినవారు చెబితేనే కొత్తవారు వస్తారు. ఆ పద్ధతిని గౌరవిస్తూనే, అక్కడ ఏది బాగుందో, ఏది బాగా లేదో, ఇలాంటి సేవకు డబ్బు కట్టేముందు ఎవరైనా ఏమి చూసుకోవాలో రాస్తున్నాను. అయిదు స్టార్లకు నాలుగు ఇస్తాను. అయిదోది ఎందుకు ఆపానో తరువాత చెబుతాను.

ఎలాంటి అప్పులకు ఈ సేవ పనికివచ్చిందో తెలియకపోతే సమీక్షకు అర్థం ఉండదు కనుక మా సంగతి క్లుప్తంగా చెప్పాలి. మా వారిది మిర్చి యార్డును నమ్ముకున్న చిన్న వ్యాపారం. ధర బాగున్న రోజుల్లో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి టిక్కీలు (బస్తాలు), ఆ తరువాత ధర పడిపోవడంతో మా చేతిలోనే ఉండిపోయాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద మిర్చి రైతులకు క్వింటాలుకు రూ. 11,781 ధర ప్రకటించవలసి వచ్చిందంటే మార్కెట్ ఎంత దిగజారిందో ఊహించుకోవచ్చు. సరుకు మీద బ్యాంకు అప్పు, నా నగల మీద ఇంకొక అప్పు, ఒక ఫైనాన్స్ సంస్థలో వ్యక్తిగత రుణం, వాయిదా దాటకుండా ఉండేందుకు ఫోను యాప్‌లో తీసుకున్న చిన్న మొత్తం, ఇవి కాక ప్రాంసరీ నోట్ల మీద బంధువులూ పరిచయస్తులూ నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినవి ఉన్నాయి. రెండు రూపాయలు అన్నప్పుడు చిన్నగా వినిపించేది ఏడాదికి ఇరవైనాలుగు శాతమని మన వైపు అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనరు.

కేంద్రంలో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు క్లినికల్ సైకాలజిస్టు, నలభై ఏళ్లుంటాయేమో, తక్కువ మాట్లాడే మనిషి. రెండోవారు ఒక విశ్రాంత బ్యాంకు అధికారి. ఆయన మాత్రం ఎక్కువే మాట్లాడతారు. తాను తెనాలి బ్రాంచిలో పని చేసిన రోజుల ముచ్చట మొదలుపెడితే మన సమయంలో కొంత దానికే పోతుంది. అయినా వీళ్లిద్దరినీ ఒకే గదిలో, ఒకే బల్ల వెనక కూర్చోబెట్టడమే ఈ సేవలోని అసలు తెలివి అని నా అభిప్రాయం. మనసు సంగతి ఒకచోట, లెక్క సంగతి ఇంకొకచోట చెప్పుకోవలసివస్తే రెండుచోట్లా సగం సగమే చెబుతాం. డాక్టరు దగ్గర నిద్ర పట్టడం లేదని చెప్పి ఎందుకో చెప్పం. లాయరు దగ్గర నోట్లు చూపించి, రాత్రి ఇంట్లో ఏమి జరుగుతోందో చెప్పం.

మొదటిరోజు వాళ్లు మా నోట్లూ పాసుపుస్తకాలూ అడగలేదు. మా ఇద్దరికీ చెరొక పొడవాటి కాగితం ఇచ్చి, నాలుగు గళ్లు గీయించి, గదికి రెండు వైపులా కూర్చోబెట్టారు. మొదటి గడిలో ఎవరికి ఇవ్వాలో, రెండో గడిలో ఎంతో, మూడో గడిలో కాగితం ఏముందో రాయాలి. నాలుగో గడిలో, ఆ మనిషి పేరు ఫోనులో కనబడితే మీ ఒంట్లో ఏమవుతుందో రాయమన్నారు. మా వారు బ్యాంకుకు ఎదురుగా ‘ఏమీ లేదు’ అని రాశారు. యాప్‌వాళ్లకు ఎదురుగా ‘కోపం’ అని రాశారు. మా ఆడపడుచు వియ్యంకులకు ఎదురుగా మాత్రం ‘అరచేతులు తడుస్తాయి, ఫోను బోర్లా పెడతాను’ అని రాశారు. నా కాగితంలో అదే పేరుకు ఎదురుగా ‘గేటు చప్పుడైతే వంటింట్లోకి పోతాను’ అని ఉంది. ఆయన మాకు ఇచ్చింది మొత్తం అప్పులో పదోవంతు కూడా కాదు. గొంతు పెంచి ఒక్కసారి కూడా అడగలేదు. ఫోను చేసి పిల్లల చదువుల గురించి అడిగి పెట్టేస్తారు, అంతే.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడు, మేమిద్దరం ఇన్ని నెలలుగా ఒకే మనిషికి భయపడుతూ ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదని అర్థమైంది. అతి పెద్ద అప్పు బ్యాంకుది, అది మమ్మల్ని అంతగా బాధపెట్టడం లేదు. ఎక్కువ అవమానం వస్తుందని అనుకున్న చోట డబ్బు తక్కువ. అప్పుల జాబితాను మొత్తం ప్రకారమో వడ్డీ ప్రకారమో పేర్చమని ఎవరైనా చెబుతారు. భయం ప్రకారం పేర్చి, ఆ వరుసలో మొదటివారితో పని మొదలుపెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ ఒక్క పనికే వాళ్లు తీసుకున్న 600 రూపాయల మొదటి రుసుము సరిపోయిందని చెప్పగలను.

వియ్యంకుల విషయంలో సైకాలజిస్టు ఇచ్చిన సలహా సూటిగా ఉంది. ఆయన మా గుమ్మంలోకి రాకముందే మేము వాళ్ల గుమ్మంలోకి వెళ్లాలి. ఇద్దరం కలిసి వెళ్లాలి. నిలబెట్టుకోలేని తేదీ ఏదీ చెప్పకూడదు. ఎంత చిన్నదైనా ఒక మొత్తం చేతిలో పెట్టి రావాలి. బ్యాంకు అధికారి దానికి ఒక మాట చేర్చారు. ప్రాంసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుందనీ, ఇచ్చిన మొత్తాన్ని నోటు వెనక రాసి సంతకం చేసి చెల్లు పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయనీ, కొందరు అప్పుదారులు అందుకే చెల్లు పెట్టకుండా రోజులు నెడతారనీ వివరించి, ఏది చేయాలో మీరే తేల్చుకోండి అన్నారు. మాకు లాభమైనదీ నష్టమైనదీ రెండూ చెప్పి, ఎటూ తోయకపోవడం నాకు నచ్చింది. మేము చెల్లు పెట్టే వచ్చాం.

ఆ సాయంత్రం అంత సుఖంగా ఏమీ సాగలేదు. ‘‘అన్నయ్యగారూ, ఇంకా ఆలస్యమవుతుంది’’ అని నేనే నోరు తెరిచాను. ఆయన ముభావంగా విన్నారు, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు, దసరాలోపల ఇంకొంత కావాలని తన తేదీ తాను చెప్పారు. వదినగారు కాఫీ ఇచ్చినా అక్కడ ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. కానీ ఆ తరువాత ఆయన ఫోను మోగితే మా వారు తీస్తున్నారు. కేంద్రంవాళ్లు మాకు ఇస్తామన్నదీ అంతే. బంధుత్వం తిరిగి తియ్యగా మారుతుందని వాళ్లు ఆశ పెట్టలేదు.

ఫోన్ల విషయంలో వాళ్ల పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడికి రాకముందు మేము విజయవాడలో, అప్పును సగానికి సగం తగ్గిస్తామని ప్రకటనలిచ్చే ఒక సెటిల్‌మెంట్ సంస్థ ఉచిత సమావేశానికి వెళ్లి వచ్చాం. వాయిదాలు కట్టడం ఆపెయ్యండి, ఎవరి ఫోనూ తియ్యకండి, ఆ డబ్బులో కొంత ప్రతి నెలా మాకు కట్టండి, మిగతాది మేము చూసుకుంటాం అన్నారు. అప్పు ‘సెటిల్డ్’ అని ముగిస్తే మన అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ నివేదికలో అది పూర్తిగా తీర్చిన అప్పుగా కనబడదనీ, ముందు ముందు కొత్త రుణం పుట్టడానికి అది అడ్డమవుతుందనీ ఒక్కరూ అనలేదు. ఫోను తీయకపోతే రెండు రోజులు హాయిగా ఉంటుంది. తరువాత మోగని ఫోను కూడా మోగినట్టే అనిపిస్తుంది.

బ్రాడీపేటలో దీనికి పూర్తిగా వేరే దారి చూపించారు. రోజులో ఒక గంట, మా విషయంలో ఉదయం పదకొండు నుంచి పన్నెండు వరకు, అప్పులవాళ్ల ఫోన్లకు కేటాయించమన్నారు. ఆ గంటలో వచ్చిన ప్రతి ఫోనూ తీయాలి, పక్కన నోటుపుస్తకం పెట్టుకొని పేరు, సమయం, అన్న మాట రాసుకోవాలి. చెప్పవలసిన వాక్యం ముందే రాసి పెట్టుకోవాలి. మాకు వాళ్లు రాయించిన వాక్యం ఇది: ‘‘అప్పు ఉన్న మాట నిజమేనండి, ఈ నెల ఇంత కట్టగలం, ఇంతకు మించి ఇప్పుడు మాట ఇవ్వలేం.’’ అవతలివారు ఎంత రెచ్చగొట్టినా మళ్లీ అదే వాక్యం చెప్పాలి. మిగతా వేళల్లో ఆ నంబర్లకు మోత ఉండకూడదు. కోపధారి అయిన మా వారికి ఇది చాలా కష్టమైంది. కాగితం చూసి చదివినట్టు చెప్పడం నామోషీ అనుకున్నారు. అలవాటైన తరువాత మాత్రం, ఎదుటివాళ్ల అరుపు తన మీద కాదు, కాగితం మీద పడుతున్నట్టుంది అన్నారు.

ఈ పద్ధతికి చట్టం ఇచ్చే అండ ఏమిటో బ్యాంకు అధికారి చక్కగా విడదీసి చెప్పారు. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందూ, రాత్రి 7 గంటల తరువాతా బాకీ కోసం ఫోను చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, బంధువులనూ స్నేహితులనూ ఇందులోకి లాగకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన డిజిటల్ రుణాల నిబంధనలు, యాప్‌లు ఫోనులోని కాంటాక్టులనూ ఫొటోలనూ తాకకూడదన్నాయి. ఉల్లంఘిస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది తృప్తికరంగా లేకపోయినా ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. దాని సమాచార నంబరు 14448. అనుమతి లేని యాప్‌వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తే అది నేరం, 1930కి ఫోను చేయాలి. నోటుపుస్తకంలో సమయంతో సహా రాయించేది ఇందుకే.

చేతి అప్పులు ఇచ్చేవారికి ఈ వేళల నిబంధన వర్తించదని కూడా ఆయన దాచలేదు. అయితే ఇంటిమీదికి వచ్చి బెదిరించే హక్కు వాళ్లకూ లేదనీ, అక్కడ వెళ్లవలసింది పోలీసు స్టేషనుకనీ చెప్పారు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ దందా బయటపడ్డప్పుడు, ఎన్నో కుటుంబాలు అధిక వడ్డీలనూ వేధింపులనూ ఎంతకాలం నోరెత్తకుండా భరించాయో అందరం పత్రికల్లో చదివాం. కోర్టుకు వెళితే వడ్డీ మరీ అన్యాయంగా ఉందని తేలిన చోట దాన్ని తగ్గించే అధికారం 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం కింద న్యాయమూర్తికి ఉంటుందని నాకు అక్కడే మొదటిసారి తెలిసింది.

నన్ను నిద్రపోనివ్వనిది జైలు భయం. రెండు నోట్ల మీద నేనూ సంతకం పెట్టాను. బాకీ కోసం వేసిన సివిల్ దావాలో డిక్రీ వచ్చినా, ఆ డబ్బు కోసం ఆడవారిని అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ఒప్పుకోదని ఆయన పుస్తకం తెరిచి చూపించారు. మగవారినైనా, కట్టగలిగి ఉండీ ఎగ్గొడుతున్నారని కోర్టు నమ్మితేనే తప్ప, కేవలం లేమి కారణంగా జైలుకు పంపరాదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కలు, చేతిపనివాడి పనిముట్లు జప్తు చేయరాదని అదే కోడ్ 60వ సెక్షన్ అంటుంది. ఇంత చెప్పి, ‘‘అమ్మా, చెక్కు ఏదైనా ఇచ్చారా?’’ అని అడిగారు. చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది క్రిమినల్ కేసు, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు వేయవచ్చు, రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు, అక్కడ ఆడ మగ తేడా లేదు. ధైర్యం చెప్పిన నోటితోనే భయపడవలసిన చోటు కూడా చూపించారు కనుకే ఆ ధైర్యం నిలిచింది.

మా బంధువులు కొందరు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టెయ్యమని సలహా ఇచ్చారు. మన వైపు ఆ మాట ఎంత తేలిగ్గా వాడతారో చెప్పనక్కరలేదు. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టు ముందు ఆస్తి అంతా పెట్టి నడిపించుకోవలసిన వ్యవహారమనీ, మోసంతో చేసిన అప్పులు దానితో పోవనీ ఇక్కడ చెప్పారు. అప్పుదారుడు దరఖాస్తు పెట్టుకోవాలంటే బాకీ కనీసం 500 రూపాయలు ఉండాలని ఆ చట్టంలో ఉందని విని, చాలా రోజుల తరువాత మేమిద్దరం నవ్వుకున్నాం.

ఇక అసలు కష్టమైన ప్రశ్న. ఒకరోజు సైకాలజిస్టు నన్ను బయట కూర్చోమని, మా వారిని ఒంటరిగా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని మొహం మీదే అడిగారట. తిప్పి చెప్పడం, మెల్లగా దువ్వడం లేదు. ఆయన ఏమన్నారో నేను రాయను. ఆ సాయంత్రం ఆయన అనుమతితోనే నన్ను లోపలికి పిలిచి, కొన్ని వారాలపాటు ఇంట్లో పురుగుమందు ఉంచకూడదనీ, రాత్రి ఒంటరిగా గోడౌనుకు పంపకూడదనీ చెప్పారు. టెలి మానస్ నంబరు 14416ను ఇద్దరి ఫోన్లలోనూ అక్కడికక్కడే వేయించారు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. మందులు కావలసివస్తే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లమని చీటీ రాసిచ్చారు. మందుల పని తాము చేయమని స్పష్టంగా చెప్పారు. ఆత్మహత్యా ప్రయత్నం చేసినవారి మీద కేసు పెడతారన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోని కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించరాదనీ చెబుతోంది. ఆ మాట గోడ మీద తెలుగులో అంటించి ఉంది. ప్రతి ఆసుపత్రి వరండాలోనూ అది ఉండాలి.

అయిదో స్టారు ఆపిన కారణాలకు వస్తాను. వేచి ఉండే గదికీ లోపలి గదికీ మధ్య ఉన్నది పలచని చెక్క అడ్డు. లోపల గొంతు కొంచెం పెరిగితే బయటివాళ్లకు అంకెలతో సహా వినబడుతుంది. పరువు గురించి ఇంత ఆలోచించి బోర్డు కూడా పెట్టనివాళ్లు ఆ గోడ సంగతి ఎందుకు పట్టించుకోలేదో నాకు అర్థం కాదు. సైకాలజిస్టు వారంలో కొన్ని రోజులే వస్తారు, రాని రోజున ముందుగా తెలియజేయరు. సెలవు పెట్టుకొని వచ్చినవాళ్లు ఉసూరుమని తిరిగిపోవడం చూశాను. చెప్పిన విషయాలు రాతపూర్వకంగా ఇవ్వరు కాబట్టి, చట్టం మాటలు మనమే రాసుకోవాలి. మొదటిసారి తరువాత ప్రతిసారీ 400 రూపాయలు తీసుకుంటారు. ఇది అన్యాయమైన రుసుము కాదు గానీ, పాల ప్యాకెట్టు లెక్క చూసుకుంటున్న ఇంటికి అదీ బరువే.

ఆ రుసుము కూడా కట్టలేనివారికి గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది; టోల్ ఫ్రీ నంబరు 15100. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో బ్యాంకుతో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేకపోవడం రెండువైపులా పదునున్న సంగతి కనుక, నెలకు ఎంత కట్టగలరో ముందే తేల్చుకొని వెళ్లాలి. మా ఫైనాన్స్ సంస్థ రుణం అక్కడే కొలిక్కి వచ్చింది. ఆ అంకె తేల్చడానికి మాత్రం బ్రాడీపేటలో కూర్చున్న సాయంత్రాలే పనికివచ్చాయి.

ఒక్కరే అప్పుచేసి ఇంట్లో ఇంకా చెప్పనివారికి ఈ కేంద్రం వెంటనే సరిపడకపోవచ్చు. రెండో కాగితం రాయడానికి ఇంకొకరు ఉంటేనే వాళ్ల పద్ధతి నడుస్తుంది, ఒంటరిగా వచ్చినవారికి వాళ్లు చేసేది తక్కువ. అలాంటివారు ముందు 14416తో మొదలుపెట్టడం మేలు. జంటగా వెళ్లగలిగినవారు ఇద్దరు నిపుణులూ ఉంటారో లేదో ఫోను చేసి అడిగి, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో వెళ్లండి. ఆ వేళకు బయటి గదిలో జనం ఉండరు, చెక్క అడ్డుతో ఇబ్బంది కూడా ఉండదు.